ఆ రాత్రికి ముందు పదేళ్ళు

ఇంగ్లండులో హత్య రుజువైతే శిక్ష విషయంలో జడ్జికి ఎంపిక ఉండదు. యావజ్జీవం తప్ప ఇంకోటి వేయడానికి వీల్లేదు. 1965లో హత్యకు ఉరిశిక్షను ఆపేసినప్పుడు దాని స్థానంలో వచ్చిన నియమం ఇది. ఆస్తి కోసం తండ్రికి విషం పెట్టిన కొడుకూ, ఏళ్ళ తరబడి దెబ్బలు తిని ఒక రాత్రి తిరగబడ్డ భార్యా ఒకే నేరం పేరు మోస్తారు, ఒకే శిక్ష మోస్తారు. జైల్లో కనీసం ఎన్నేళ్ళు ఉండాలన్న దగ్గర మాత్రమే జడ్జి వాళ్ళ మధ్య తేడా చూపించగలడు.

ఈ కాఠిన్యాన్ని సడలించడానికి అక్కడి చట్టం మూడు వెసులుబాట్లు ఉంచింది. నిగ్రహం కోల్పోయి చంపిన వాళ్ళకు ఒకటి. మానసిక రుగ్మత వల్ల తమ చేతల మీద తమకు పూర్తి బాధ్యత లేని వాళ్ళకు ఇంకొకటి. కలిసి చావాలని ఒప్పందం చేసుకుని, ఒకరు పోయి ఒకరు మిగిలితే, ఆ మిగిలినవారికి మూడోది. వీటినే పాక్షిక మినహాయింపులంటారు. ఇవి ఎవరినీ నిర్దోషిగా ఇంటికి పంపవు. చంపిన మాట నిజం, చంపాలనుకున్న మాటా నిజం, అయినా దీన్ని హత్య అనకూడదు, నరహత్య అనే తక్కువ నేరంగా చూడాలి అని మాత్రమే చెబుతాయి. అప్పుడు శిక్ష ఎంతన్నది జడ్జి విచక్షణకు వస్తుంది.

ఎక్కడి చట్టమో మనకెందుకు అనిపించవచ్చు. ఆ మొదటి వెసులుబాటును ఇంగ్లీషువాళ్ళు మన శిక్షాస్మృతిలోనూ రాసి వెళ్ళారు. ఇవాళ విజయవాడలో అయినా వరంగల్లులో అయినా హత్య కేసు నడిచినప్పుడు వాదన దాని చుట్టూ తిరగొచ్చు. అక్కడ ఆ చట్టాన్ని కుదిపిన వాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళిన ఆడపిల్ల ఒకామె ఉంది. వీటికి మించిన కారణం ఇంకొకటి. ఆ కేసు కాగితాలు చదువుతుంటే అందులో ఉన్న ఇల్లు మనకు బాగా తెలిసిన ఇల్లే అనిపిస్తుంది. మనం గోడకు ఇవతల ఉన్నాం, అంతే.

కిరణ్‌జిత్ అహ్లువాలియా పంజాబులో పుట్టి చదువుకున్న అమ్మాయి. 1979లో పెద్దలు కుదిర్చిన పెళ్ళి చేసుకుని ఇంగ్లండు వెళ్ళింది. లండనుకు దక్షిణాన క్రాలీ అనే ఊళ్ళో కాపురం, ఇద్దరు కొడుకులు. భర్త కొట్టడం కాపురం తొలినాళ్ళలోనే మొదలైంది. 1983లో ఒకసారి, 1986లో ఇంకోసారి ఆమె కోర్టుకు వెళ్ళి, తన మీద చెయ్యి చేసుకోకూడదని ఉత్తర్వులు తెచ్చుకుంది. చచ్చిపోవాలని ప్రయత్నించింది. దెబ్బలు డాక్టర్లు చూశారు, కాగితం మీద రాశారు. అయినవాళ్ళకు తెలుసు. పరువు కోసం ఉండిపొమ్మన్న ఒత్తిడి మాత్రం తగ్గలేదు.

భర్త ఇంకొక స్త్రీ కోసం ఇల్లు విడిచి వెళ్ళినప్పుడు ఆమె అతనికి ఉత్తరం రాసింది. తిరిగి రమ్మని బతిమాలుకుంటూ తాను ఏమేం మానేస్తానో అందులో వరసగా చెప్పింది. బ్లాక్ కాఫీ ముట్టనంది. పచ్చిమిరపకాయలు తిననంది. ఊళ్ళోకి వారం వారం వెళ్ళనంది. జుట్టుకు రంగు వేసుకోనంది. నీకు ఇష్టం లేకపోతే నవ్వనంది. స్నేహితులను వదిలేస్తానంది. పక్కింటికి వెళ్ళనంది. ఆ ఉత్తరం కోర్టు రికార్డులో ఉంది. అంతగా తనను తాను తక్కువ చేసుకున్న మాటలు అప్పీలు విన్న న్యాయమూర్తులనే నిలబెట్టాయి. తీర్పులో వాటిని పొందుపరిచారు. దయచేసి ఆ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. పక్కింటికి వెళ్ళను. కొట్టేవాడికి ముందుగా అడ్డమొచ్చేది పక్కిల్లే. దాన్ని కోసేస్తే మిగతాదంతా సులువు.

1989 మే నెలలో ఒక రాత్రి అతను డబ్బు అడిగాడు, తెల్లారేసరికి ఇవ్వకపోతే కొడతానన్నాడు, ఇస్త్రీపెట్టెతో ముఖం కాలుస్తానని బెదిరించి వెళ్ళి పడుకున్నాడు. ఆమెకు నిద్ర పట్టలేదు. కొన్ని గంటల తర్వాత లేచి, అంతకు కొద్దిరోజుల ముందు కొనిపెట్టిన పెట్రోలు అతను పడుకున్న గదిలో పోసి నిప్పు పెట్టింది. అతను కాలిన గాయాలతో కొన్ని రోజులకు చనిపోయాడు. ఆ మరణం భయంకరమైనది. ఆ పని సరైనదని నేను అనడం లేదు, ఆమె కూడా అనలేదు. కానీ అదే ఏడాది డిసెంబరులో లూయిస్ పట్టణపు కోర్టులో జ్యూరీ ముందుకు వచ్చిన ప్రశ్న ఏమిటో చూడండి. పదేళ్ళు ఏం జరిగిందన్నది కాదు. అతను పడుకున్నాక ఆమె నిప్పు పెట్టేదాకా ఎంతసేపు గడిచింది, ఆ కొన్ని గంటల్లో ఆమె చల్లబడి ఉండాలి కదా అన్నదే. హత్యేనని తీర్పు వచ్చింది, యావజ్జీవం పడింది.

ఆ ప్రశ్న జడ్జి సొంతంగా పుట్టించింది కాదు. 1949లో డఫీ అనే స్త్రీ కేసులో జస్టిస్ డెవ్లిన్ జ్యూరీకి చెప్పిన నిర్వచనం అది. రెచ్చగొట్టడం వల్ల చంపారంటే నిగ్రహం ఒక్కసారిగా, ఆ క్షణానికి కోల్పోయి ఉండాలి అన్నాడాయన. చాలాకాలం సాగిన క్రూరత్వం గురించి కూడా ఆయన మాట్లాడాడు: అది ఆవేశానికి కాదు, ప్రతీకారానికి గుర్తు అన్న ధోరణిలో. డఫీ ఎవరు? భర్త చేతిలో దెబ్బలు తిని, అతను మంచం మీద ఉండగా చంపిన భార్య. దెబ్బలు తిన్న స్త్రీని ఎదురుగా నిలబెట్టుకుని రాసిన నిర్వచనం, దెబ్బలు తిన్న స్త్రీలందరికీ నలభై ఏళ్ళపాటు తలుపు మూసింది.

ఒక్కసారిగా వచ్చే కోపం ఎవరికి వస్తుంది? ఎదుటివాడిని చేతులతోనే పడగొట్టగలనన్న ధీమా ఉన్నవాడికి. తనకంటే రెండింతలు బలమున్న మనిషి మేలుకుని ఉండగా ఎదురుతిరిగితే ఏమవుతుందో తెలిసిన స్త్రీ కోపం ఊకలో నిప్పులా ఉంటుంది. పైకి మంట కనబడదు, లోపల ఆరదు. చట్టం మంటను మాత్రమే గుర్తించింది. 1707లో ఒక కేసులో ఇంగ్లండు ప్రధాన న్యాయమూర్తి హోల్ట్, భార్యను పరాయివాడితో చూసి భర్త చంపడం అన్నిటికంటే క్షమించదగిన ఆవేశాల్లో ఒకటని చెప్పాడు. పరస్త్రీగమనాన్ని ఆస్తి మీద పడ్డ దాడిగా లెక్కగట్టాడు. ఆ మాట మీద పెరిగిన చట్టం ఇది. మగవాడి అసూయకు అందులో పీట వేశారు. ఆడదాని భయానికి చోటే లేకపోయింది.

1955లో రూత్ ఎల్లిస్ కేసు చూడండి. ప్రియుడిని హాంప్‌స్టెడ్‌లో ఒక పబ్బు బయట కాల్చి చంపింది. కొంతకాలం ముందు అతను పొట్ట మీద కొడితే ఆమెకు గర్భస్రావమైంది. రెచ్చగొట్టిన వాదన జ్యూరీ ముందుకు వెళ్ళడానికే జడ్జి ఒప్పుకోలేదు. జ్యూరీకి అరగంట కూడా పట్టలేదు. ఆ జులై 13న హాలోవే జైల్లో ఆమెను ఉరితీశారు. బ్రిటన్‌లో ఉరికంబమెక్కిన చివరి స్త్రీ ఆమె. రెండేళ్ళ తర్వాత 1957 చట్టంతో మానసిక బాధ్యత తగ్గడమన్న రెండో మినహాయింపు వచ్చింది. ఆమె ఉరి రేపిన అలజడి దానికి ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. ఒక మనిషి ప్రాణం పోయాక చట్టానికి కన్ను తెరుచుకోవడం ఈ కథలో పదేపదే కనబడుతుంది.

1991లో జరిగినది చెప్పి తీరాలి. సారా థోర్న్‌టన్ అనే స్త్రీ తాగుబోతు భర్తను పొడిచి చంపి యావజ్జీవం అనుభవిస్తూ అప్పీలు చేసుకుంది. ఆ వేసవిలో అప్పీలు కొట్టేశారు. ఆవేశం ఒక్కసారిగా రాలేదు, ఆమె వంటింట్లోకి వెళ్ళి కత్తి నూరుకుంది కాబట్టి. సరిగ్గా ఆ రోజుల్లోనే బర్మింగ్‌హామ్‌లో ఒకతను తాగుడుకు బానిసైన తన సహచరిని తన్ని తన్ని చంపి, నరహత్యగా ఒప్పుకుని, జైలుకు వెళ్ళనక్కరలేని శిక్షతో కోర్టు బయటికి నడిచాడు. ఆమెతో కాపురం చేస్తే మహాత్ముడి సహనం కూడా నశించిపోతుందన్న అర్థంలో జడ్జి మాట్లాడాడు. రెండు ఇళ్ళల్లోనూ తాగుడు ఉంది, విసుగు ఉంది, కొట్లాట ఉంది. ఒక ఇంట్లో చంపింది ఆడది. థోర్న్‌టన్ జైల్లో నిరాహారదీక్షకు కూర్చుంది. వీధుల్లో జనం ఆమె పేరు రాసిన అట్టలు పట్టుకున్నారు.

కిరణ్‌జిత్ కోసం నిలబడింది సౌతాల్ బ్లాక్ సిస్టర్స్. 1979లో లండను శివారు సౌతాల్‌లో ఆసియా, ఆఫ్రికన్-కరీబియన్ స్త్రీలు పెట్టుకున్న చిన్న సంఘం. వాళ్ళను చాలామంది మన పెద్దమనుషులే తిట్టారు. ఇంటి గుట్టు రచ్చకీడుస్తున్నారన్నారు. తెల్లవాళ్ళ ముందు మన పరువు తీస్తున్నారన్నారు. ఆ తిట్లు భరించి వాళ్ళు జైలుకు వెళ్ళి ఆమెతో కూర్చున్నారు. మొదటి విచారణలో ఎవరూ సరిగా వినని పదేళ్ళ కథ ఆమె నోట చెప్పించారు. కొత్త లాయర్లను కుదిర్చారు. ఆమె తీవ్రమైన కుంగుబాటుతో ఉందని చెప్పే వైద్య నివేదిక మొదటి విచారణ నాటికే ఉన్నా జ్యూరీ ముందుకు రాలేదన్న సంగతి బయటపడింది. 1992 జులైలో ప్రధాన న్యాయమూర్తి టేలర్ నాయకత్వంలోని అప్పీలు కోర్టు హత్య తీర్పును కొట్టేసి పునర్విచారణకు పంపింది. ఆ సెప్టెంబరులో ఆమె నరహత్య ఒప్పుకోలును ప్రాసిక్యూషన్ అంగీకరించింది. మూడేళ్ళ నాలుగు నెలల శిక్ష. అప్పటికే అంత కాలం లోపల గడిపింది కాబట్టి ఆ రోజే బయటికొచ్చింది.

ఇక్కడ సంతోషించి ఆగిపోవడం నాకు కుదరడం లేదు. ఆ తీర్పు ఆమెను విడిపించింది ఆమె మనసు జబ్బుపడిందన్న కారణంతో. ఒక్కసారిగా రావాలన్న పాత నిర్వచనాన్ని కోర్టు కదిలించలేదు. ఆలస్యమైనంత మాత్రాన వాదన పూర్తిగా చెల్లకుండా పోదని మాత్రం ఒప్పుకుంది. అంటే, నీకు అన్యాయం జరిగింది కాబట్టి నీ నేరం తక్కువ అని చెప్పలేదు. నీకు తల బాగాలేదు కాబట్టి తక్కువ అని చెప్పింది. థోర్న్‌టన్ కూడా చివరికి 1996లో ఆ దారినే బయటపడింది. ఈ రెండు వెసులుబాట్లలో రుజువు భారం కూడా వేరు. నిగ్రహం కోల్పోయారనడానికి తగిన ఆధారం ఉంటే, అది నిజం కాదని ప్రాసిక్యూషనే నిరూపించాలి. మనసు జబ్బుపడిందంటే మాత్రం ఆ జబ్బును నిందితురాలే నిరూపించుకోవాలి. పదేళ్ళు ఒకడు చేసినదానికి ఆమె తన పిచ్చికి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. న్యాయం దక్కిందన్న పేరు మీద స్త్రీలు ఎంతకాలం రోగులుగా నిలబడాలి?

2009లో చట్టం మారింది, 2010 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. ప్రకోపం, అంటే రెచ్చగొట్టారన్న పాత వాదనను రద్దుచేసి నిగ్రహం కోల్పోవడమన్న కొత్త నియమం పెట్టారు. ఇక అది ఒక్కసారిగా రానక్కరలేదు. తీవ్రమైన హింస జరుగుతుందన్న భయం కూడా కారణంగా చెల్లుతుంది. భాగస్వామి పరాయి సంబంధాన్ని మాత్రం కారణంగా చూపడానికి వీల్లేదు. మూడు వందల ఏళ్ళుగా మగవాడి అసూయకు వేసిన పీటను చట్టం తీసేసిందని చాలామంది సంబరపడ్డారు. 2012లో అప్పీలు కోర్టు ఆ సంబరాన్ని కొంత తగ్గించింది: పరాయి సంబంధం ఒక్కటే కారణంగా చెల్లకపోయినా, మిగతా కారణాలతో కలిపి సందర్భంగా చూడొచ్చంది. తలుపు లోంచి పంపించేసినదాన్ని కిటికీ లోంచి రానిచ్చారని విమర్శకులన్నారు. నాకు వాళ్ళ మాటే నిజమనిపిస్తుంది.

2015లో ఇంకొక అడుగు. ఒక్క దెబ్బ కొట్టకుండానే డబ్బూ ఫోనూ స్నేహాలూ తిండీ అన్నీ గుప్పిట్లో పెట్టుకుని మనిషిని బందీ చేయడం ఇంగ్లండు, వేల్స్‌లలో నేరమైంది. సాలీ చాలెన్ కేసు దాని తర్వాత వెలుగులోకొచ్చింది. సర్రీలో ఉండే ఆమె 2010లో భర్తను సుత్తితో కొట్టి చంపింది. పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ అతని అదుపులో బతికిన స్త్రీ. 2011లో హత్యేనన్నారు. 2019లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, మళ్ళీ కొత్త వైద్య సాక్ష్యం ఆధారంగానే. ఆమె కొడుకులు తండ్రిని పోగొట్టుకుని తల్లి పక్షాన నిలబడ్డారు. ఆ పిల్లల స్థానంలో ఉండి ఆలోచించగల ధైర్యం మనలో ఎంతమందికి ఉంది?

ఒక మాట నిజాయతీగా చెప్పాలి. ఈ వెసులుబాట్లు దెబ్బలు తిన్న స్త్రీలకు మాత్రమే పనికొచ్చేవి కావు. 2010లో ఒకతను విడాకుల కేసు నడుస్తుండగా భార్యను సుత్తితో కొట్టి చంపి, ముందుగానే విండ్సర్ పార్కులో తవ్వి ఉంచుకున్న గోతిలో పాతిపెట్టాడు. జ్యూరీ అతన్ని హత్యానేరం నుంచి తప్పించింది. విడాకుల ఒత్తిడి వల్ల మనసు చెదిరిందన్న వాదన నెగ్గింది. ఆమె తల్లి అప్పటి నుంచీ ఆ తీర్పుతో పోరాడుతూనే ఉంది. గొయ్యి ముందే తవ్వినవాడికి మనసు చెదిరిందని నమ్మగలిగిన సమాజం, రాత్రంతా మేలుకుని వణికిన స్త్రీని పథకం వేసిందని ఎలా నమ్మగలిగింది?

2023 జూన్‌లో నాటింగ్‌హామ్ వీధుల్లో ఒకతను ఇద్దరు విద్యార్థులనూ ఒక స్కూలు ఉద్యోగినీ పొడిచి చంపాడు. స్కిజోఫ్రీనియా రోగి. మానసిక బాధ్యత తగ్గిందన్న ప్రాతిపదికన నరహత్యగా అంగీకరించి కోర్టు అతన్ని భద్రత ఉన్న ఆసుపత్రికి పంపింది. చనిపోయిన విద్యార్థుల్లో ఒకరు డాక్టరు దంపతుల కూతురు, తండ్రిది భారతీయ మూలం. తమ పిల్లల మరణాన్ని హత్య అనకపోవడం ఆ కుటుంబాలకు రెండో గాయం. వాళ్ళ బాధ న్యాయమైనది. కానీ ఆ కేసు మీద జరిగిన విచారణలు ఏం చెప్పాయి? అతను మందులు వేసుకోవడం లేదని తెలుసు, హింసకు దిగిన చరిత్ర ఉందని తెలుసు, అయినా వైద్య వ్యవస్థ అతన్ని చేతులు దులుపుకుని వదిలేసింది. ఇదీ తెలిసి ఊరుకున్న కథే. క్రాలీలో తెలుసు. నాటింగ్‌హామ్‌లో తెలుసు. తెలిసినవాళ్ళెవరూ బోనెక్కలేదు. ఎక్కాలని అనను. కానీ తెలిసి కూడా ఏమీ చేయని మనుషులకు శిక్ష లేకపోతే బాధ్యత కూడా లేదనుకోవడం తప్పు.

2024 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం హత్య చట్టం మొత్తాన్ని మళ్ళీ పరిశీలించమని లా కమిషన్‌ను అడిగింది. 2006లోనే ఆ కమిషన్ హత్యను రెండు అంచెలుగా విడదీయమని సిఫార్సు చేసి ఉంది, దాన్ని పట్టించుకున్న ప్రభుత్వం లేదు. ఈసారైనా పట్టించుకోవాలి.

మన దేశానికి వస్తే, మెకాలే ముసాయిదా నుంచి వచ్చిన 1860 శిక్షాస్మృతిలో 300వ సెక్షన్‌కు మొదటి మినహాయింపు తీవ్రమైన, ఆకస్మికమైన ప్రకోపం. ఆకస్మికమైన అన్న ఆ మాటే మనల్నీ పట్టుకుంది. 1959లో నౌకాదళ అధికారి నానావతి, తన భార్యతో సంబంధం పెట్టుకున్నవాడి ఇంటికి రివాల్వరు తీసుకువెళ్ళి కాల్చి చంపితే జ్యూరీ ఎనిమిది ఒకటి తేడాతో నిర్దోషి అంది. బొంబాయి జనం అతన్ని హీరోగా మోశారు. సుప్రీంకోర్టు 1961లో ఒప్పుకోలేదు: ఓడకు వెళ్ళి తుపాకీ తెచ్చుకునే వ్యవధిలో ఆవేశం చల్లారి ఉండాలంది. అయినా 1964లో గవర్నరు క్షమాభిక్ష పెట్టారు. అసూయ పడ్డ మగవాడిని మన్నించడానికి మన చేతులు ఎంత తొందరగా లేస్తాయో ఆ కేసు చెబుతుంది. దాని పక్కన తమిళనాడులో జరిగిన ఇంకొకటి పెట్టండి. భర్త పెట్టే హింస భరించలేక ఒక తల్లి పిల్లలతో బావిలో దూకింది. పిల్లలు పోయారు, ఆమె బతికి హత్యానేరం మోసింది. 1989లో మద్రాసు హైకోర్టు, ఆగకుండా సాగిన హింస నుంచి పుట్టిన ప్రకోపాన్ని కూడా ఆ మినహాయింపు కింద చూడాలంది. ఆమె కోసం ఏ ఊళ్ళోనూ ఊరేగింపు జరగలేదు.

2023లో మనం శిక్షాస్మృతిని కొత్తగా రాసుకున్నాం, నంబర్లు మార్చుకున్నాం. న్యాయ సంహితలో 101వ సెక్షన్ కింద ఆ మొదటి మినహాయింపు దాదాపు అవే మాటలతో ఉంది. మద్రాసు హైకోర్టు చెప్పినదాన్ని చట్టంలోకి ఎక్కించే అవకాశం చేతికి వచ్చి పోయింది. మానసిక బాధ్యత తగ్గడమన్న మినహాయింపు మనకు ఇప్పటికీ లేదు. పూర్తి మతిభ్రమణం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నే. తెలుగు రాష్ట్రాల ఎంపీలారా, లాయర్లారా, మహిళా కమిషన్లలో ఉన్నవారా, ఆకస్మికమైన అన్న ఆ ఒక్క మాటను సవరించమని అడగండి. ఇంగ్లండుకు అరవై ఏళ్ళు పట్టింది. మనకూ అంత పట్టనక్కరలేదు.

చట్టం మారినా అది వచ్చేది చివరనే. జ్యూరీ కూర్చునేసరికి ఒకరు శ్మశానంలో ఉంటారు, ఒకరు బోనులో ఉంటారు, పిల్లలు ఎవరి ఇంట్లోనో ఉంటారు. ఇంకో చేదు నిజం కూడా ఉంది: అలాంటి ఇళ్ళల్లో తిరగబడి చంపిన స్త్రీల కంటే చచ్చిపోయిన స్త్రీలు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ పదేళ్ళలో వాళ్ళకు దగ్గరగా ఉన్నది జడ్జీలు కాదు, మనం. పెళ్ళిలో అక్షింతలు వేసినవాళ్ళం. కాపురమన్నాక ఇవన్నీ మామూలేనమ్మా, సర్దుకుపో అన్నవాళ్ళం. పై అంతస్తులో ఏడుపు వినబడితే టీవీ గొంతు పెంచినవాళ్ళం. ఆ సర్దుకుపొమ్మన్న మాటను ఇకనైనా మానేద్దాం. అమ్మానాన్నలు, వదినలు, పిన్నులు, సంఘం పెద్దలు, గుడి ధర్మకర్తలు, ఎవరైనా సరే. దెబ్బలు తిన్న పిల్లను వెనక్కి పంపే ముందు, ఆ ఇంట్లో జరగబోయే దానికి మీరూ సంతకం పెడుతున్నారని గుర్తుంచుకోండి.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ళకు ఈ మాట మరీ చెప్పాలి. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో భర్త ఉద్యోగ వీసా మీద డిపెండెంట్‌గా వచ్చిన అమ్మాయికి ఆ దేశంలో నిలబడే హక్కే భర్త వీసాతో ముడిపడి ఉంటుంది. అక్కడ స్థిరపడిన వ్యక్తి భార్యకు, హింస వల్ల కాపురం విరిగితే, సొంతంగా స్థిరనివాసం కోరే మార్గం ఉంది. తాత్కాలిక ఉద్యోగ వీసా మీద వచ్చినవాడి భార్యకు ఆ మార్గం లేదు. కొట్టేవాడు ఆ సంగతి రోజూ గుర్తుచేస్తాడు. అలాంటి అమ్మాయి మిమ్మల్ని వెతుక్కుంటూ రాదు. రావద్దని ఆమెకు ముందే చెప్పి ఉంటారు. మీరే వెళ్ళండి. పచ్చడి సీసా ఇవ్వడానికి వెళ్ళండి, పిల్లల పుస్తకం అడగడానికి వెళ్ళండి. ఒక్కతే ఉన్నప్పుడు మాట్లాడండి. ఆమె పాస్‌పోర్టు ఎక్కడుందో, చేతిలో డబ్బుందో లేదో కనుక్కోండి. ఏం విన్నారో, ఏ తేదీన విన్నారో, ఏ గాయం చూశారో రాసి పెట్టుకోండి. కోర్టు నిందితురాలి పరిస్థితులన్నీ చూడాలని ఇప్పటి చట్టం అంటోంది. ఆ పరిస్థితులను కళ్ళారా చూసినవాళ్ళు నోరు విప్పకపోతే కోర్టు ముందు ఉండేది ఒక శవం, ఒక కత్తి, కొన్ని గంటల వ్యవధి. అంతకంటే ముఖ్యంగా, మీరు రాసిన ఆ నాలుగు తేదీలు అతన్ని ముందే ఆపగలవు. బందీ చేసి బతికించడం అక్కడ నేరమని ఇప్పుడు పోలీసులకు తెలుసు.

తెలుగు సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ బతుకమ్మకూ హాళ్ళు అద్దెకు తీసుకుంటాయి. వచ్చే పండక్కి ఆ హాల్లో ఆడవాళ్ళ బాత్రూము తలుపు లోపలివైపు, ఆమె ఒక్కతే చూడగలిగే చోట, తెలుగులో ఒక కాగితం అంటించండి. ఇంగ్లండులో రాత్రీ పగలూ పనిచేసే గృహహింస సహాయ నంబరు 0808 2000 247 అని రాయండి, ఫోన్ చేస్తే డబ్బు పడదని కూడా రాయండి. ఇక్కడ తెలుగు రాష్ట్రాల్లో కల్యాణ మండపాల్లో, గుళ్ళల్లో, అపార్ట్‌మెంటు లిఫ్టుల పక్కన 181 రాయండి. నంబరు కింద ఆ ఊళ్ళో, ఆ వీధిలో తలుపు తీస్తామని మాట ఇవ్వగల ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు కూడా, వాళ్ళు ఒప్పుకుంటే, రాసి పెట్టండి. ఆ పేర్లలో మీది మొదటిది కానివ్వండి.